గల్లాపెట్టె ముందు ముళ్ళజెముడు

ఆ రోజుల్లో అబర్డీన్ బజార్ మొత్తంలో నా అంత చవగ్గా, నా అంత పనికిరాని సరుకు కొన్నవాడు ఇంకొకడు లేడని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను. సునామీ వచ్చిన మరుసటి ఏడాది, ఇక ఈ దీవుల్లో నిద్రపట్టదంటూ షాదీపూర్‌లో మొక్కలమ్మే భయ్యా ఒకడు సామాను సర్దుకుని ఓడెక్కుతున్నాడు. గులాబీ మొక్క ఒకటి బేరమాడదామని వెళ్ళిన నేను, తోపుడుబండెడు ముళ్ళజెముడు కుండీలతో తిరిగొచ్చాను. (పావు ధరకి దించానని దారంతా ఈల వేశాను. వెనక ఆ భయ్యా కూడా ఈల వేస్తున్నాడని తరవాత తెలిసింది.)

"బట్టల కొట్లో ముళ్ళేంట్రా?" అన్నారు నాన్న. "వచ్చే ఓడలోపు ఇవి అమ్ముడుపోలేదో, గల్లాపెట్టె దగ్గర నీ బదులు మీ తమ్ముడు కూర్చుంటాడు." తమ్ముడికి కూడికలే రావు. అవమానం అక్కడుంది.

ప్రాణం పెట్టి పొద్దున్నా సాయంత్రం నీళ్ళు పోశాను. పైన మన వానలు సరేసరి. ఆకులు పసుపెక్కి రాలాయి, మొదళ్ళు మెత్తబడ్డాయి. "ఆటికి నీళ్ళెందుకురా బాబూ? ఎండ సూపించి ఒగ్గీ," అంది అమ్మ. సరేనని వాన తగలకుండా, ఎండ పడేలా కొట్టు గుమ్మానికి అటూ ఇటూ రేకుల చూరు కింద పేర్చాను. కొద్దిరోజుల్లోనే గుత్తులుగా ఎర్రటి పూలు!

మా బజారులో బేరానికి ఆఖరి అంకం, అక్కర్లేదన్నట్టు లేచి వెళ్ళిపోవడం. డిగ్నాబాద్ దీదీ ఒకామె దుప్పటి విసిరేసి, "రహనే దో భయ్యా, ఎదురు కొట్లో ఇంకా సస్తాగా ఇస్తారు," అని విసవిసా గుమ్మం దిగింది. కొంగు ముళ్ళకు తగులుకుంది. పరిగెత్తి ఒక్కో పోగూ విడదీస్తూ, "ఆఖరి మాట చెప్పండి దీదీ," అన్నాను వినయంగా.

"అచ్ఛా, నువ్వన్న ధరకే ఇచ్చేయ్! ముందు నా పల్లూ వదిలించు!"

తరవాత లుంగీలు, చొక్కా చేతులు. మా కొట్లోంచి బేరం తెగకుండా గడప దాటినవాడు లేడు. నాన్న తలెత్తకుండానే, "ఆ చివరి కుండీ ఇంకాస్త ఇవతలకి జరుపు," అన్నారు. నాకు బిరుదులాంటి మాట అది.

ఎదురు కొట్టు బాబాయి వారంపాటు చూసి, "ఏం పూజ చేయించార్రా?" అని ఆరా తీసి, రెండు కుండీలు కొనుక్కుపోయాడు. ఆయన్ని చూసి వరసంతా వచ్చింది. ఓడ కూత వినబడేసరికి అన్నీ చెల్లిపోయి, నేను గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాను.

లెక్క నిజాయితీగానే చెబుతాను. మొక్కల మీద పెట్టిన డబ్బు రెట్టింపయింది. చిరిగిన కొంగులకూ లుంగీలకూ బదులిచ్చిన కొత్తవి తీసేస్తే అసలే మిగిలింది. నా వేళ్ళకు రాసిన మందు కూడా తీసేస్తే, అసల్లోనే కాస్త తరిగింది. మీసమింకా సరిగ్గా రాని ఆనాటి నాలోని కుర్రాడు మాత్రం దాన్ని లాభమని రాసి, కింద రెండు గీతలు కొట్టి, కాలు మీద కాలేసుకున్నాడు. ఆ లెక్క దిద్దడానికి నాకింతవరకూ చెయ్యి రాలేదు.