గీతలున్న పుస్తకాలే కావాలె

నాంపల్లిలో మా పై వాటాలో ఒకాయన కిరాయికి ఉండేవాడు. తనను తాను బాగుచేసుకోవాలని కంకణం కట్టుకున్న మనిషి. ఆదివారం పొద్దున్నే, ఎంత ఎండైనా ఆటో ఎక్కకుండా, ఫోన్‌లో అడుగులు చూసుకుంటూ అబిడ్స్‌కి నడిచేవాడు. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొని, ఆ బరువు భుజానేసుకుని మెట్లెక్కేవాడు. అదే ఆయన జిమ్ము. అంతవరకూ బాగానే ఉంది కానీ, లోపల గీతలు లేని పుస్తకం ముట్టుకునేవాడు కాదు.

"ఎవరో కష్టపడి చదివి మంచి ముక్కల కింద గీతలు గీసిన్రు గద అన్నా. గవ్వే చదివితే చాలు. పైసల లెక్కనే టైం గూడ పొదుపు చెయ్యాలె."

ఇదేం చదువో నాకు నమ్మకం కుదరలేదు. తేల్చుకుందామని, మా బీరువాలో ఏళ్లుగా పడున్న లావుపాటి పుస్తకం తీసి, తోచినచోటల్లా పెన్సిల్‌తో గీతలు గీసి ఇచ్చాను. "ఈ పుస్తకమంటే నాకు ప్రాణమండీ" అని కూడా అన్నాను.

వారం తర్వాత మెట్ల మీద ఎదురై తిరిగిచ్చాడు.

"ఎలా ఉందండీ?" అన్నాను, నవ్వాపుకుంటూ.

"గీతలల్ల ఏం దొరకలే అన్నా. మొత్తం చదవాల్సొచ్చింది. మస్తుంది పుస్తకం." ఒక మెట్టెక్కి ఆగాడు. "గీతలు గీసినాయనే ఒక్క పేజీ గూడ చదివినట్టు లేడు."

ఇల్లు ఖాళీ చేసేదాకా ఆయన నన్ను అనుమానంగానే చూశాడు.