గోడ మీద సుద్దతో రాసిన బరువు

పదకొండేళ్లుగా ఒక అంకె నా గుండెల మీద కూర్చుని ఉంది. ఆరు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను, మీరు నన్ను ఎరగరు కనుక.

మా తాతగారు ఎక్కడికి వెళ్లినా ఒకరింట్లో పడుకునేవారు కాదు. అందుకని జీపు వెనక తగిలించుకునే చిన్న బండి ఒకటి కట్టించుకున్నారు. రెండు చక్రాలు, పైన చెక్క గది, లోపల రెండు మంచాలు. వేసవిలో దాంట్లో సముద్రానికి వెళ్లేవాళ్లం. కిటికీ పక్క మంచం నాది. తెల్లవారుతుండగా ఉప్పుగాలి, నాయనమ్మ కాచే కాఫీ వాసన కలిసి లోపలికి వచ్చేవి. ఇప్పటికీ నిద్రలో ఆ కిటికీ కోసం చెయ్యి చాపుతాను.

తరవాత పొలాలు పోయాయి. మేడ పోయింది. బండి మిగిలింది. నాన్నగారు అందులో ఇనప బీరువా, నీళ్ల ట్యాంకు, వంటగట్టు పెట్టించారు. ఆయన పోయాక ఒకనాడు చూస్తే చక్రాలను మోసే యాక్సిల్ తుప్పుపట్టి పొరలు పొరలుగా రాలుతోంది. ఆటోనగర్‌లో కోటయ్య మేస్త్రి షెడ్డుకు తీసుకెళ్లాను. మైలవరంలో ఉండే మా బావగారి ట్రాక్టరు ట్రక్కుల పనంతా అతనే చేసేవాడు.

కోటయ్య టేపు పట్టుకుని బండి కిందకు దూరాడు. బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"బరువు మోసే కమాను కట్టల మధ్య కొలిచానండీ. ఈ చక్రం హబ్బు నుంచి ఆ చక్రం హబ్బుకి కొలిచాను. ఇహ లోడెంతో చెబితే యాక్సిల్ సైజు తేలిపోద్ది."

"ఆరు క్వింటాళ్లు. తాతగారి నాటి కాగితం ఉంది."

"అది ఖాళీ బండి మాటేమోనండీ. ఇప్పుడు లోపల సంసారమే ఉందిగా! సామానెక్కించి ఎదురుగా ఆ కాటా మీద ఓసారి తూయిస్తే పోలా?"

కాటా ముందు పాత ఇనుము లారీలు బారులు తీరి ఉన్నాయి. వాటి వెనక మా బండి నిలబడటమా?

"మా మాట చాలదా మేస్త్రీ?"

"మీ మాట కాటా కన్నా గట్టిదేనండీ. యాక్సిల్‌కి ఆ సంగతి తెలీదు కదా!" అని నవ్వాడు. "పోనీ, ఒక సైజు పెద్దది వేస్తా. హబ్బులూ చక్రాలూ మారతాయంతే."

చక్రాలు మారతాయనగానే నా మనసు ఒప్పుకోలేదు. అవి తాతగారి చక్రాలు. "ఆరే రాసుకో," అన్నాను.

కొలత తనది, బరువు యజమానిది. అది అతని పద్ధతి. యజమాని చెప్పిన బరువు బండి గుర్తుతో సహా షెడ్డు గోడ మీద సుద్దతో రాసేవాడు. మా బండి గుర్తు పక్కన ఆరు అని రాశాడు. ఆరుకు సరిపడే యాక్సిల్ వేశాడు.

ఆ వేసవిలో బావగారు అక్కనూ పిల్లలనూ తీసుకుని అదే బండితో సముద్రానికి బయలుదేరారు. కాలవ గట్టు మీద పోతుండగా యాక్సిల్ వంగి, చక్రం లోపలికి ఒరిగి, బండి కాలవ వైపు పడిపోయింది. అందరూ జీపులో ఉన్నారు కనుక బతికారు. లోపల పడుకుంటామని పిల్లలు మారాం చేశారని అక్క తరవాత చెప్పింది. ఆ మాట విన్నప్పుడైనా నేను నోరు విప్పి ఉండాల్సింది.

మర్నాడు పొద్దున షెడ్డు దగ్గర కలుద్దామన్నారు బావగారు. నేను ముందే వెళ్లాను. ఎందుకు వెళ్లాను? నిజం చెప్పడానికే అనుకుంటూ వెళ్లాను. కోటయ్య రోడ్డవతల టీ తాగుతున్నాడు. గోడ మీద మా అంకె అలాగే ఉంది. భుజం మీది కండువా తీసి తుడిచేశాను. రెండు తుడుపులు. అంతే.

బావగారు వచ్చి, అంత బరువుకి ఇంత సన్నటి యాక్సిలా అని కోటయ్య మీద విరుచుకుపడ్డారు.

"అయ్యగారు ఆరని చెప్పారండీ. ఇదిగో, గోడ మీద..." అంటూ తిరిగాడు కోటయ్య.

"నువ్వెంత చెప్పావయ్యా?" అని నన్ను అడిగారు బావగారు.

"పది," అన్నాను.

కోటయ్య గోడను చూశాడు. నన్ను చూశాడు. "అయితే నేనే మర్చిపోయుంటానండీ," అన్నాడు.

బావగారి ట్రక్కులు మళ్లీ ఆ షెడ్డుకు పోలేదు. ఆయన్ను చూసి మిగతావాళ్లూ మానేశారు. రెండేళ్లకు షెడ్డు మూతపడింది. ఇప్పుడతను ఆ వీధిలోనే ఇంకొకరి షెడ్డులో కూలికి వెల్డింగు చేస్తున్నాడు. పటమట నుంచి అటు వెళ్లాల్సి వస్తే నేను చుట్టు తిరిగి పోతాను.

ఆస్తి పోయినా మాకు మాట మిగిలిందని అందరికీ చెప్పుకునేవాణ్ణి. ఆ మాట నిలబెట్టుకోవడానికే కదా అబద్ధమాడాను? మరి నిలిచిందేమిటి? అతను నా పరువు కాపాడటానికి తప్పు నెత్తిన వేసుకున్నాడా, లేక నాలాంటి వాడితో వాదించడం దండగ అనుకున్నాడా? మొదటిదే అయితే నేను భరించలేను. రెండోదే అయి ఉంటుంది.

బావగారికి నేను రాస్తున్న ఈ కాగితం చూపిస్తానో లేదో తెలియదు. చూపిస్తానని మాటివ్వను, నా మాట విలువ మీకిప్పుడు తెలుసు. కానీ ఒక్కటి రాయగలను. కోటయ్య కొలత తప్పలేదు. మరిచిపోనూ లేదు. ఆరని చెప్పింది నేను, తుడిచింది నేను.

రాశాను. ఊపిరి కాస్త లోతుగా ఆడుతోంది. అంతకు మించి నాకు రావలసింది ఏమీ లేదు.