పసరు మీద పడ్డ నింద

ల్యాబ్‌లో స్పిరిట్ సీసా మూత తీసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మందు ఒంట్లోకి వెళ్లి ఏం చేస్తుందో వెతకడమే నా ఉద్యోగం, అయినా ఆ వాసనకి ఉదయగిరిలోని ఒక ఇరుకు గదీ, ఏ డిగ్రీ లేకుండానే అందరిచేతా డాక్టరు అనిపించుకున్న మనిషీ గుర్తొస్తారు.

మాది వరికుంటపాడు దగ్గర గొర్రెలు కాసే ఇల్లు. కొండమీద సీతాఫలాలు కళ్లు విప్పే రోజుల్లో అవ్వ వాటిని గడ్డిలో మాగబెట్టి, రాత్రి మిగిలిన సంగటిలో మజ్జిగ పోసి పిల్లలందరికీ పిసికి పెడుతూ, దొడ్లో ఏ గొర్రె కుంటుతోందో చప్పుడు విని చెప్పేది. ఆమెకు మోకాళ్లు పట్టేస్తే ఆ ఉదయగిరి డాక్టరు పొట్లం కట్టిచ్చిన తెల్ల మాత్రలతో లేచి తిరిగింది. నెలలు గడిచేసరికి మొహం గుండ్రంగా నిండింది. "అవ్వ ఒళ్లు చేసినాది" అని అందరూ మురిశారు. అది మాత్రల వల్ల వచ్చిన వాపని తెలిసిన ఆ డాక్టరు నోరు విప్పలేదు.

ఎన్నాళ్లీ మాత్రలని నాయన కలువాయి వైపు నుంచి పసరు మందిచ్చే పెద్దాయన్ని పిలిపించాడు. పసరు తాగినన్నాళ్లూ ఇంగ్లీషు మందు ముట్టకూడదన్నది మా వైపు పథ్యం. అవ్వ మాత్రలు ఉన్నపళంగా మానేసింది. కొద్దిరోజులకే వాంతులు, తల ఎత్తలేని నీరసం. ఆత్మకూరు ఆసుపత్రికి ఆటోలో తీసుకుపోతుంటే దారిలోనే నా ఒళ్లో పోయింది.

డాక్టరు పరామర్శకొచ్చి, మా కాఫీ తాగి, "ఆ పసరే చంపినాది, నేను చెప్తే ఇన్నారా?" అన్నాడు.

నాయన పెద్దాయన్ని ఊరందరి ముందూ కొట్టాడు. "మాయమ్మకి ఏం పోసినావురా?"

"నొప్పుల పసరే గదయ్యా, నేనూ తాగతాను" అని ఆయన ఏడ్చాడు.

కాలేజీలో ఒకరోజు మాస్టారు ఆ తెల్ల మాత్రల గురించే, అంటే స్టెరాయిడ్ల గురించే, పాఠం చెప్పారు. వాటిని చాలాకాలం వాడితే అలాంటి పదార్థాన్ని ఒళ్లు సొంతంగా తయారుచేసుకోవడం మానేస్తుంది, మెల్లగా తగ్గించకుండా ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది. పళ్లు కొరుక్కుంటూ బయటికొచ్చేశాను. ఆ కోపంతోనే ఈ చదువు పట్టుకున్నాను.

మొన్న ఊరెళ్లాను. మా దొడ్డి ఖాళీ, మందలు అమ్మేశారు. ఉదయగిరిలో డాక్టరు మేడ కట్టాడు, ఇప్పటికీ అవే మాత్రలు అమ్ముతున్నాడు, మావాళ్లు ఇప్పటికీ దణ్ణం పెడుతున్నారు. ఇక పట్టలేక నాయనకు అంతా విడమరిచి చెప్పాను.

"అట్లయితే ఆ పెద్దాయన్ని ఊరికినే కొట్టినానా అమ్మా?"

"ఊరికినే కొట్టావు నాయనా." మెత్తగా చెప్పాలనిపించలేదు.

నాయన లేచి నిలబడ్డాడు. "రేపు కలువాయికి పోదాం. కాళ్లు పట్టుకుంటాను" అన్నాడు.

ఆ దెబ్బల తర్వాత పెద్దాయన మళ్లీ ఎవరికీ మందు నూరలేదనీ, ఆయన పోయి ఏళ్లయిందనీ, ముందే అక్కడికి వెళ్లి కనుక్కుని వచ్చిన నేను అప్పుడు చెప్పవలసి వచ్చింది.