రెండు గంటల కిందటి నీళ్ళు

జెట్టీ మెట్ల మీంచి సముద్రం వెనక్కి తీసేటప్పుడు నాచు వాసన ఒకటి లేస్తుంది. నిన్న సాయంత్రం అది ముక్కుకి తగలగానే బంగారమ్మ టీచర్ గుర్తొచ్చింది. ఆవిడ గురించి చెప్పేముందు నా గురించి ఒక్క మాట. ఈ దీవుల్లో మైనస్ లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్న ఖలాసీని నేనొక్కణ్ణే. పేపరు దిద్దిన ఆఫీసరు కుర్చీలోంచి లేచి నాతో చెయ్యి కలిపాడు.

టీచర్ ఇక్కడి డిగ్నాబాద్ పేటలో మా పక్కింటావిడ. వాళ్ళ తాతలూ మా తాతల్లాగే శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి వలలతో వచ్చినవాళ్ళే. బడిలో హిందీలో పాఠాలు చెప్పీ చెప్పీ, ఇంట్లో తెలుగులోనూ హిందీ కలిపి వడ్డించేది. నేనప్పుడు ఫెర్రీ బోటులో టెంపరరీ ఖలాసీని. జెట్టీకి తాళ్ళు విసరడం, కట్టడం నా పని. పర్మనెంటు కావాలంటే రాత పరీక్ష ప్యాసవ్వాలి. రెండుసార్లు తప్పాను. మూడోది ఆఖరిది, ఆపైన వయసు దాటిపోతుంది. నన్ను ముంచినవి మైనస్సులు. మైనస్‌కి మైనస్ ప్లస్ అని ఎవరో చెబితే మంత్రంలా వల్లించి, గుణించే చోటే కాక కూడే చోట కూడా ప్లస్ పెట్టేసి వచ్చాను.

నా గోడు విని టీచర్ పుస్తకం తీయలేదు. జెట్టీకి నడిపించింది. నీటి అంచున ఉన్న మెట్టు మీద సుద్దతో సున్నా రాయించింది. పైకి ప్లస్, కిందకి మైనస్. రాబోయే గంటలు ప్లస్, గడిచిపోయినవి మైనస్. నీళ్ళు గంటకి రెండు మెట్లు దిగుతున్నాయి, అంటే మైనస్ రెండు. మూడు గంటల తర్వాత ఎక్కడుంటాయని అడిగింది. ఆరు మెట్లు కింద, మైనస్ ఆరు అన్నాను. అది నాకు పుట్టుకతో వచ్చిన లెక్క.

"మరి మూడు గంటల కిందట?"

"పోయిన నీళ్ళకి లెక్కేంటి టీచరమ్మా?" అన్నాను. మావాళ్ళంతా అనే మాటే అది. వేటకెళ్ళేవాడికి రాబోయే నీళ్ళే కావాలి.

"ఉందిరా సింహాద్రీ. ఉల్టా నడిచి చూడు."

వెనక్కి నడుస్తూ మెట్లెక్కాను. ఆరో మెట్టు మీద నాచు ఇంకా తడిగా ఉంది. దిగే నీళ్ళు మైనస్, గడిచిన గంటలు మైనస్, నేను నిలబడ్డది మాత్రం ప్లస్ ఆరు మీద. ముప్పై ఏళ్ళవాణ్ణి, అక్కడ నిలబడి కళ్ళు తుడుచుకున్నాను. ఆవిడ చూడనట్టు కొంగుతో సుద్ద చేతులు దులుపుకుంది.

భాగహారం మాత్రం తలకెక్కలేదు. నీళ్ళు ఆరు మెట్లు పైకి కావాలి, గంటకి రెండు దిగుతున్నాయి, ఎన్ని గంటలు? మైనస్ మూడు. మైనస్ గంటలేమిటని నేను నవ్వితే ఆవిడ నవ్వలేదు. "నువ్వు ఆలస్యంగా వచ్చావని అర్థం," అంది.

మూడోసారి ప్యాసయ్యాను. ఇక నిజం చెప్పేస్తాను: నూటికి నూరు కాదు, ప్యాసుకి కావలసినదానికి రెండే ఎక్కువ. ఆఫీసరు లేవలేదు సరికదా, తల కూడా ఎత్తలేదు. చెయ్యి కలిపినవాడు బయట టీ కొట్టు భయ్యా.

ఆ మర్నాడే టీచర్ రిటైరై, కూతురి దగ్గరికని విశాఖ ఓడ ఎక్కుతోంది. మంచి మాట వట్టి చేతులతో చెప్పే అలవాటు మా ఇళ్ళల్లో లేదు. అందుకని ఆ సాయంత్రం ప్యాసైన సంగతి ఆవిడకి చెప్పకుండా, తెల్లవారగానే పీతల కోసం డింగీ పడవ వేసుకుని మడ అడవి పాయలోకి పోయాను. పీతలు దొరికాయి. తలెత్తి చూసేసరికి నీళ్ళు తీసేసి డింగీ బురదలో కూర్చుంది. అది కదలాలంటే, మా జెట్టీ మెట్ల లెక్కన, నీళ్ళు నాలుగు మెట్లు పైకి ఉండాలి. గంటకి రెండు దిగుతున్నాయి. నాలుగుని మైనస్ రెండుతో భాగించాను. మైనస్ రెండు. రెండు గంటల కిందటే బయలుదేరాల్సింది. ఆ లెక్క నాకు మొదటిసారి తప్పు లేకుండా వచ్చింది, మోకాళ్ళ లోతు బురదలో.

డింగీని అక్కడే వదిలి, బుట్ట నెత్తిన పెట్టుకుని బురదలో నడిచి రోడ్డెక్కాను. అందుకున్నాను. జెట్టీకి చేరేసరికి ఓడ నిచ్చెన తీస్తున్నారు. టీచర్ రెయిలింగు దగ్గర నిలబడి ఉంది. ప్యాసయ్యానని అరిచాను. ఆవిడ రెండు వేళ్ళు చూపించి కిందకి వంచింది, మైనస్ రెండు అన్నట్టు. నవ్వింది కూడా.

ఇప్పటికీ ఎక్కడికి బయలుదేరినా ముందు నీళ్ళకేసి చూస్తాను. ఎవరికైనా మంచి మాట చెప్పాలనిపిస్తే, చేతిలో ఏమున్నా లేకపోయినా, ఆ పూటే వెళ్ళి చెప్పేస్తాను.

ఇక్కడిదాకా రాసి మా ఆవిడ పైడమ్మకి చదివి వినిపించాను. ఎండు చేపలు తిరగేస్తూ వింది.

"ఏ వేళ్ళూ చూపించలేదు. నువ్వెళ్ళేసరికి జెట్టీలో ఓడే లేదు. ప్యాసయ్యావని పొద్దున్నే టీచరమ్మకి చెప్పింది నేను. ఎన్ని మార్కులని కూడా అడగలేదావిడ. నిచ్చెన ఎక్కేదాకా నీకోసం గేటుకేసే చూసింది. పీతలకెళ్ళాడని చెప్తే, 'నీళ్ళు తీస్తున్నాయి కదా, రాలేడులే' అంది."