వీరన్నతో నా మిషన్ పందెం

అరచేయంత వస్తువుతో ఒక బ్యాంకు పరువంతా తీయవచ్చంటే మీరు నమ్మరు. నేను తీశాను కాబట్టి చెబుతున్నాను, వినండి.

ఎనభైలలో జహీరాబాద్‌లో బ్యాంకు గుమాస్తాగా ఉండేవాణ్ణి. మా బావ బొంబాయి నుంచి వెలుతురుతో నడిచే కాలిక్యులేటర్ తెచ్చిచ్చాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త మిషన్ దొరికినవాడు నోరు మూయడు.

అల్లం వ్యాపారి బసప్ప సేఠ్ డబ్బును మా బ్యాంకులో వేయించాలని మేనేజరు ఏడాదిగా ఆయన చుట్టూ తిరుగుతున్నారు. సేఠ్‌ది ఒకటే మాట: "మీ లెక్కల మీద నాకు భరోసా లేదు. నాకు నోటితోనే లెక్కలు గట్టే మా మునీం వీరన్న చాలు."

"మా మిషన్ ముందు వీరన్న ఎంత సేఠ్? పందెం కడతవా?" అన్నాను.

"నువ్వు గెలిస్తే పైసలన్నీ మీ బ్యాంకులనే ఏస్త!"

మేనేజరు కళ్ళు మెరిశాయి. ఓడితే ఏమిటని అడిగే బుద్ధి మా ఇద్దరిలో ఒక్కరికీ పుట్టలేదు. పైగా ఊరంతా చాటింది నేనే. సంతరోజు బ్యాంకు కిక్కిరిసింది. వీరన్న ఒక మూల కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

"అరవై మూడు బస్తాల అల్లం. బస్తా నూట ఎనభై ఏడున్నర. ఎంతయితది?" అన్నాడు సేఠ్.

నేను మీటలు నొక్కాను. వింత చూద్దామని జనమంతా నా మీదికి వంగారు. అంకెలు మాయం!

"జర పక్కకు జరుగున్రి!"

"ఎందుకు సార్? ఏం దాస్తున్నవ్?"

కిటికీ దగ్గరికి పరుగెత్తాను. నాకంటే ముందే అక్కడికి చేరారు. బయట ఎండలోకి దూకాను. బెల్లం చుట్టూ ఈగల్లా మూగి, మరీ కిందికి వంగారు.

"మిషన్‌కు జరమొచ్చిందా సార్?"

"మీ నీడ పడుతున్నదయ్యా!"

"నీడ వడితేనే సచ్చిపోతదా? గింత నాజూకుదా!"

లోపలినుంచి వీరన్న గొంతు తాపీగా వినిపించింది. "పదకొండు వేల ఎనిమిది వందల పన్నెండున్నర."

సిగ్గుతో చచ్చాను. మేనేజరు మొహం చూసే ధైర్యం లేకపోయింది. సేఠ్ మాత్రం పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఫికర్ జెయ్యకు సార్. గిట్ల నవ్వి ఎన్నేండ్లయిందో! పైసలు మీ బ్యాంకులనే ఏస్త. ఒక్కటే షర్తు. నువ్వు లెక్కగట్టిన వడ్డీ మా వీరన్న సరిచూస్తడు."

మేనేజరు వెంటనే వీరన్నకు కుర్చీ వేయించారు. ఎక్కడనుకున్నారు? నా పక్కనే, నా ఫ్యాను కిందే! మొదటిరోజే ఆయన నా లెక్కల్లో మూడు తప్పులు పట్టాడు.

కనుక సూర్యుడి మీద ఒట్టేసి చెబుతున్నాను. ఎంత గొప్ప మిషనైనా సరే, జనాన్ని పోగేసి చూపించను. చూపించక తప్పకపోతే, ముందు అందరినీ బోర్లా పడుకోమంటాను.