తల్లెవరుగారి గుర్రం

ఎవరు ఎవరికి పుట్టారన్న విషయంలో మామగారికి ఆసక్తి సగమే. ఆ సగం తల్లి. తండ్రి మహారాజైనా సరే, "మంచిది, తల్లెవరు?" అంటారు. అందుకే గుర్రాల ఫారంలో పనివాళ్ళంతా ఆయన్ని చాటుగా తల్లెవరుగారని పిలుచుకుంటారు. ఒకసారి ఒకడు నోరు జారి ఎదురుగానే అలా పిలిస్తే, "ఏం నాయనా" అని పలికారు కూడా.

కోడలు ఆ ఇంటి కోడలు కాకముందు, ఫారంలో గుర్రాలను అడ్డుకర్రల మీదుగా దూకించడానికి కుదురుకున్న పిల్ల. మొదటిరోజు ఆమె కష్టపడి మోసుకొచ్చిన కప్పుల వంక, పతకాల వంక ఆయన కన్నెత్తి చూడలేదు.

"ఇవన్నీ సరేనమ్మా. మీ అమ్మగారెవరు?"

"కుట్టుపని చేస్తుందండీ. బజారులో చిన్న కొట్టు."

"నువ్వు దూకుతుంటే చూసి ఏమంటారు?"

"చూస్తే కదండీ. చిన్నప్పుడు పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాను. అప్పట్నుంచి నేను గుర్రమెక్కానంటే చాలు, కొట్లో కూర్చునే కళ్ళు మూసేసుకుంటుంది. ఒక్క పోటీకీ రాలేదు."

ఆయన "ఊఁ" అన్నారు. ఆ ఊఁ ఎంతదూరం పోతుందో ఆమెకు అప్పుడు తెలీదు.

మొన్నటికి మొన్న ఇంటికి కొత్త ఫ్రిజ్ వచ్చింది. తెచ్చిన కుర్రాడు కంపెనీ గురించి, గ్యారంటీ గురించి ఏకరువు పెడుతుంటే మామగారు మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టారు. "అది సరే, నీ తల్లెవరు బాబూ?" అన్నారు. కుర్రాడు వెళ్ళేసరికి చీకటి పడింది. ఫ్రిజ్ మాత్రం తెల్లారేదాకా గుమ్మంలోనే ఉంది.

గుర్రాల దళారీలకైతే ఆయన పేరు వింటేనే జ్వరం.

"అయ్యా, దీని తండ్రి పేరు చెబితే కొనేవాళ్ళు బారులు తీరతారు. తాత మనిషెత్తు గోడ దూకినవాడు. ముత్తాత సంగతి ఇక చెప్పక్కర్లేదు..."

"తల్లి?"

దళారీ చెమట తుడుచుకున్నాడు. "తల్లి... ఆడగుర్రమేనండి."

ఫారం అన్నదమ్ములిద్దరిదీ. అన్నగారు పూర్తిగా తండ్రుల పక్షం. ఆయన ఆఫీసు గది గోడలనిండా పేరుమోసిన విత్తనపు గుర్రాల ఫొటోలే. ఏ గుర్రం ఏ వంశమో, ఏ వంశం ఎంతెత్తు దూకిందో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. అన్నం దగ్గర కూర్చుంటే అన్నదమ్ములకు రోజూ రామరావణ యుద్ధమే.

"తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను అన్నారు అన్నయ్యా."

"అది బర్రెల సామెతరా. మనవి గుర్రాలు."

"గుర్రాలకు మాత్రం తల్లులుండవా?"

అడిగి ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. ఫలానా గుర్రం తల్లి ముసలిదై, ఈనడం మానేసి, ఎక్కడో మూలన పడుందని తెలిస్తే చాలు, మామగారు లారీ మాట్లాడుకుని వెళ్ళి తెచ్చేసేవారు. వెనక గడ్డిమైదానం నిండా అవే. దానికి వృద్ధాశ్రమం అని బోర్డు పెట్టిస్తానని అన్నగారి బెదిరింపు.

అలా వచ్చిందే ఒంటికన్నమ్మ. రైడింగు స్కూల్లో పిల్లల్ని మోసి మోసి, ఒక కన్ను పోయి, అమ్మకానికి వచ్చిన గుర్రం. ఇక ఈనదని అమ్మినవాళ్ళే చెప్పారు. అది కాస్తా వచ్చిన కొద్దిరోజులకే మగపిల్లను ఈని అందరి నోళ్ళూ మూయించింది. తండ్రి ఆ స్కూల్లోదే, ఊరూ పేరూ లేని గుర్రం.

పిల్ల పెరిగింది. తల్లి, ఉన్న ఒక్క కంటితోనే చూడాలి కాబట్టి మెడ పక్కకు తిప్పేది. రెండు కళ్ళూ దివ్యంగా ఉన్న కొడుక్కీ అదే అలవాటైంది. ఏ అడ్డు ఎదురైనా మెడ వంచి, ఓరగా ఒక చూపు చూసి, అప్పుడు లేచేది. అన్నగారికి ఒళ్ళు మండిపోయింది.

"ఈ వంకరమెడ వంశం ఇక్కడితో ఆగాలి. డాక్టర్ని పిలిచి దీనికి బీజాలు తీయించేస్తున్నా."

పుట్టిన దగ్గర్నుంచి దాన్ని సాకింది కోడలు. ఆమె ప్రాణం విలవిల్లాడింది. "పెదమామయ్యగారూ, ఒక్కసారి పరీక్షకు పంపండి. నేనెక్కుతాను."

ఏటా ఆ పరీక్షలో కుర్ర మగగుర్రాలు ముగ్గురు జడ్జీల ముందు దూకాలి. వాళ్ళు సరేనన్న గుర్రానికే వంశం నిలబెట్టే యోగం.

"సరే. ఒక్క కర్ర పడినా డాక్టరే," అన్నారు అన్నగారు.

"అలాగేనండి," అంది కోడలు. 

ఇంతటి గండంలో మామగారికి చొక్కాల పిచ్చి ముదిరింది. అప్పటికే చాలాకాలంగా ఎప్పుడు చూసినా ఒంటిమీద కొత్త చొక్కాయే.

"ఉన్నది ఒక్క ఒళ్ళు, బీరువా తలుపేమో పడి చావట్లేదు. ఈ వయసులో ఎవరికోసమండీ ఈ సోకులు?" అని అత్తగారు దులిపేశారు. ఆయన కాలరు సర్దుకుని బయటికి జారుకున్నారు.

పరీక్షరోజు మైకతను గుర్రం పేరు, తండ్రి పేరు చదివి కాగితం కింద పెట్టబోయాడు. మామగారు అప్పటికే అతని పక్కనున్నారు.

"తల్లి పేరు చదవలేదు."

"మామూలుగా చదవమండీ."

"చదివితే అరుగుతుందా?"

"తల్లి, ఒంటికన్నమ్మ," అని మైకులో వినబడింది. జనం గొల్లుమన్నారు. అన్నగారు టోపీ ముఖం మీదికి లాక్కున్నారు.

కోడలు కళ్ళెం సవరించుకుంది. మొదటి అడ్డు ముందు గుర్రం మెడ వంచి ఓరగా చూసింది. మళ్ళీ నవ్వులు. లేచింది. నవ్వులు సగంలో ఆగిపోయాయి. కర్రకూ కాళ్ళకూ మధ్య ఇంకో కర్ర పట్టేంత ఖాళీ. కంటి మీద నమ్మకం లేని తల్లి ఎందుకైనా మంచిదని నాలుగు వేళ్ళు ఎక్కువే ఎగిరేది. కళ్ళున్న కొడుకూ అంతే నేర్చుకున్నాడు. అడ్డు వెనక అడ్డు దాటాడు. చివర ఎర్రటి చెక్కగోడ. అక్కడ పేరుగొప్ప తండ్రుల కొడుకులు ఒక్కొక్కరే చెక్కలు రాల్చుకుని వెళ్ళారు. మనవాడు ఓరచూపు చూశాడు, కాళ్ళు పొట్టకు ముడిచాడు, గోడ మీది దుమ్మైనా రాలకుండా అవతల వాలాడు.

మైదానం దద్దరిల్లింది. జడ్జీలు ముగ్గురూ లేచి నిలబడ్డారు. వంశానికి పనికొస్తుందని చెప్పడానికి వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోను కూడా లేదు. కోడలు గుర్రం మెడను వాటేసుకుని నవ్వుతూ ఏడ్చేసింది. అవతల అన్నగారు టోపీ ఎగరేసి, చుట్టూ మూగినవాళ్ళతో, "తండ్రిదేముందండీ? దీని తల్లెవరో కనుక్కోండి ముందు" అంటున్నారు.

కోడలు గుర్రాన్ని నడిపించుకుంటూ మామగారి కోసం గ్యాలరీ దగ్గరికి వెళ్ళింది. వెళ్ళి నోరు తెరుచుకుని నిలబడిపోయింది. ముందు వరస నిండా ముసలమ్మలే. లారీ డ్రైవరు తల్లి, డాక్టరుగారి తల్లి, దళారీ తల్లి. ఆఖరికి ఫ్రిజ్ కుర్రాడి తల్లి కూడా. ఇంట్లో ఒంటరిగా కూర్చునేవాళ్ళందర్నీ ఆయన పోగేసి తెచ్చారు. చివరి కుర్చీలో మామగారు. ఆయన కొత్త చొక్కా చెయ్యి పట్టుకుని, మెడలో టేపుతో, కళ్ళు గట్టిగా మూసుకుని ఆమె తల్లి.

"అమ్మా," అంది కోడలు.

"పడ్డావా?"

"లేదమ్మా. గెలిచాం."

తల్లి ఒక కన్ను తెరిచింది. మెడ పక్కకు తిప్పి, కూతుర్ని ఓరగా, తలనుంచి కాలిదాకా చూసుకుంది. ఏ ఎముకా విరగలేదని నమ్మకం కుదిరాక రెండో కన్నూ తెరిచింది.

"చొక్కా కుట్టించుకునే వంకన వచ్చి కూర్చుని నీ దూకుళ్ళ గురించే చెబుతారే ఈ అన్నయ్యగారు. ఇవాళ రానంటే, కళ్ళు మూసుకునే కూర్చో చెల్లెమ్మా, వస్తే చాలన్నారు."

కోడలు మామగారి కొత్త చొక్కా వంక చూసింది. ఇంతలో మైకు గరగరలాడింది. మైకతనికి అలవాటైపోయినట్టుంది. "రౌతు తల్లిగారెవరండీ? ఒకసారి నిలబడతారా?"

ఆమె బెరుగ్గా లేచింది. మైదానమంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా చరిచింది పక్క కుర్చీలో మామగారే. అవి సద్దుమణిగాక ఆయన ఆమె వైపు వంగారు.

"పెళ్ళి హడావిడిలో అడగడం మరిచాను చెల్లెమ్మా. ఇంతకీ మీ అమ్మగారెవరు?"