టెంకాయ కొట్టని మడి

నా చిన్నప్పుడు మా ఊరి కాలువ తూము తాళంచెవి మా ఇంటి దేవుని గూట్లో ఉండేది. సిరిగేరి పక్కనున్న మా పల్లెకు తుంగభద్ర నీళ్ళు వచ్చిన కొత్త అది. మా తాతయ్య తూము లస్కరు. వంతుల ప్రకారం మళ్ళకు నీళ్ళు వదలడం ఆయన ఉద్యోగం. మొదటి రోజు భక్తికొద్దీ తాళంచెవికి పసుపు కుంకుమ పెట్టి, తూము దగ్గర టెంకాయ కొట్టి నీళ్ళు వదిలాడట. అది చూసి మర్నాడు వంతు వచ్చిన రైతు కూడా కొట్టాడు. రెండేళ్ళు తిరిగేసరికి అదేదో సర్కారు పెట్టిన రూలన్నట్టు తయారైంది.

కాలువ కొసన మడి ఉన్న ఒకాయనను నేను మామ అని పిలిచేదాన్ని. ఆ ఏడు ఆయన పెళ్ళాం పిల్లలతో సహా చర్చిలో కలిశాడు. వంతు వస్తే టెంకాయ కొట్టలేదు. కొట్టనివాడికి నీళ్ళు లేవని ఊరి పెద్దలు అడ్డం తిరిగారు. రోజూ వాళ్ళతో కూర్చుని భజన చేసే మనిషి కదా, మా తాతయ్య నోరు మెదపలేకపోయాడు. ఆ వంతు దాటిపోయింది. మామ మడి నెర్రెలిచ్చింది, నాటిన పైరు ఎర్రబారింది. ఇంకో వంతు తప్పితే ఆ ఇంట్లో తినడానికి గింజ ఉండదని మా అవ్వే అంది.

రెండో వంతు రోజు పొద్దున్నే మామ మా గడపలో నిలబడ్డాడు. చేతిలో టెంకాయ.

"కొడతానప్పా, పిల్లోల్లు ఉండారు. మనసు లేకుండా కొడితే మీ దేవునికి సరిపోతాదేమో నువ్వే చెప్పు" అన్నాడు.

తాతయ్య ఆ టెంకాయను వెనక్కి నెట్టాడు. "ఇంటికి తీస్కపో అప్పా. పిల్లోల్లకు చట్నీ నూరి పెట్టు" అని లోపలికి వెళ్ళి, గూట్లోంచి తాళంచెవి తీసి భుజం మీది తువ్వాలతో కుంకుమ తుడిచేశాడు.

అవ్వ ఏడుపు మొదలుపెట్టింది. "ఏందీ పని? దేవునికాడిదాన్ని తుడుస్తాండావే, మనకేమన్నా అయితే?"

"దేవుడు మనోడు, నీళ్ళు సర్కారువి. రెండిటినీ ఒక గూట్లో పెట్టింది నేనే" అన్నాడు తాతయ్య.

నేను ఆయన వెనకే నడిచాను. తూము దగ్గర పెద్దలు నలుగురు ఉన్నారు. "వానికి ఇడిస్తే మా భజనకు రావద్దు నువ్వు" అన్నాడొకాయన. తాతయ్య తాళం తీసి తూము తిప్పాడు. నీళ్ళు కొసమడి వైపు పోతుంటే గట్టు మీద కూలబడ్డాడు. ఎంతకూ లేవలేదు. ఏడాదిపాటు ఆయనను ఎవరూ భజనకు పిలవలేదు. అరుగు మీద ఒక్కడే తాళాలు వాయించుకునేవాడు. నాకు ఊరంతటి మీదా కోపం వచ్చేది, పాపం మామ మీద కూడా.

పెద్దయ్యాక సర్కారు బడిలో టీచరునయ్యాను. మా బడిలో దేవుని పాట పాడనన్న పిల్లలను ఎండలో నిలబెట్టేవాళ్ళు. రెండుసార్లు అడ్డుపడి మాటలు పడ్డాను. మూడోసారి ఒక చిన్నపిల్లను నిలబెట్టారు. ఓపిక లేక, రిజిస్టరులో తల దూర్చి ఊరుకున్నాను. ఆ పిల్ల నా వైపే చూస్తూ నిలబడింది.

అలసిపోయానని ఎవరికి చెప్పుకోను? మా తాతయ్యకు రెండో వంతు దొరికింది. ఆ పిల్ల మర్నాటి నుంచి బడికే రాలేదు.